మూడు సబ్బుల మీద అక్క కొసరు

కరీంనగర్‌లో మా పత్రికాఫీసు ఒక మేడ మీద ఉండేది. వార్తలు రాసే మాకూ, ప్రకటనలు తెచ్చే వాళ్లకూ మధ్య ఒక ప్లైవుడ్ గోడ. అటువాళ్లు ఇటు రావడానికి మొహమాటపడేవాళ్లు. ఇటువాళ్లం అటు పోవడం చిన్నతనం అనుకునేవాళ్లం. పేజీలో ప్రకటన పెరిగి నా వార్త తరిగిన రోజున ఆ గోడ మీద గుద్ది తిట్టేవాణ్ని. అవతల నుంచి నవ్వులు వినిపించేవి. కొన్నేళ్లకు ఆఫీసు సర్దుతూ ఆ గోడ తీసేశారు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

అచ్చుకు పోయే ముందు పేజీలన్నీ చూసే పని చాలాకాలం నాదే. కాబట్టి వార్తలతోపాటు ప్రకటనలూ నా కళ్ల ముందే పెరిగి పెద్దవయ్యాయి. మొదట్లో అవి భయపెట్టేవి. పళ్లు పచ్చగా ఉంటే నలుగురిలో నవ్వలేవని, ఒంటికి చెమట వాసన ఉంటే బస్సులో పక్కన ఎవరూ కూర్చోరని చెప్పేవి. మా అవ్వ బొగ్గుపొడితో పళ్లు తోముకునేది. స్నేహితులు ఇంటికొస్తున్నారంటే ఆ పొడి డబ్బా తీసి గూట్లో వెనక్కి నెట్టేవాణ్ని. తర్వాత కొంతకాలం ప్రకటనలు పొగడ్తలకు దిగాయి. నువ్వు తెలివిగలదానివి, నీ ఇంటికి ఏది మంచిదో నీకే తెలుసు అనేవి. రాష్ట్రం వచ్చాక వాటికి మన యాస వచ్చింది. అంతకుముందు హైదరాబాద్ నుంచి వచ్చే ప్రకటనల్లో కనిపించే మనుషులెవరూ మా జిల్లాల్లో మాట్లాడుకున్నట్టు మాట్లాడేవాళ్లు కాదు. ఇప్పుడు సబ్బూ, టీపొడీ, సిమెంటూ అన్నీ "గిది మన ఇంటి ముచ్చట" అనడం మొదలుపెట్టాయి. సబ్బు పెట్టె మీద బతుకమ్మ ఎక్కింది. భయపెట్టడం, పొగడటం అయిపోయి వరుసలు కలపడం మొదలైంది.

ఆ వరుసలు కలపడంలో నా చెయ్యి ఉంది. గోడ తీసేశాక ప్రకటనల మేనేజర్ కుర్చీ నా కుర్చీకి దగ్గరైంది. "అన్నా, గీ లైను జర మనోళ్ల మాటల్లకు మార్చరాదె" అనేవాడు. టీ తాగుతూ మార్చి ఇచ్చేవాణ్ని. నా వార్తల్లో రాయనివ్వని మాటలను ప్రకటనల్లో పెద్దపెద్ద అక్షరాలతో అచ్చు వేసేవాళ్లు. చూసుకుని మురిసిపోయిన మాట నిజం.

మా అక్కకు సుల్తానాబాద్‌లో కిరాణా దుకాణం ఉంది. ఇంటి ముందు గదే దుకాణం. బావ పెట్టింది. ఆయన పోయాక అక్క నడుపుతోంది. పిల్లలు ఎవరి సంసారాల్లో వాళ్లున్నారు. ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా బతకడానికి ఆమెకు ఉన్నదల్లా ఆ గది, అందులోని తక్కెడ, పొద్దున్నే తలుపు తీస్తే ఏదో ఒకటి అడగడానికి వచ్చే చుట్టుపక్కల ఆడవాళ్లు.

ఆ ఆడవాళ్లు రావడానికి ఒక కారణం ఆమె పెట్టే కొసరు. కందిపప్పు తూచి, ముల్లు నిలబడ్డాక, ఇంకో చిటికెడు తీసి పొట్లంలో వేస్తుంది. బెల్లం అయితే ఒక ముక్క. పిల్లలు వస్తే గుప్పెట్లో పుట్నాలు. తూకంలో మోసం లేదని చెప్పడానికి వేసేది కాదు అది. అలా వెయ్యకపోతే అమ్మినట్టు ఉండదు ఆమెకు. బావ ఉన్నప్పుడు గల్లా పక్కన కూర్చుని నాతో మొరపెట్టుకునేవాడు. "తూకం అయినంక గూడ మీ అక్క చెయ్యి ఆగదు బామ్మర్దీ. గీమెను గీడ కూసోవెడితే దుకాణం మూసుడే." అక్క వినీ విననట్టు ఇంకో చిటికెడు వేసేది. ఆయన నుదురు కొట్టుకునేవాడు. ఇద్దరికీ అదొక ఆట.

పోయిన ఏడాది, పండుగలకు కొంచెం ముందు, హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి మా ఆఫీసుకొచ్చింది. ప్రకటనలు తయారుచేసే కంపెనీ మనిషి. పెద్ద సబ్బుల కంపెనీ ఒకటి తెలంగాణ కోసం కొత్త ప్రకటన చేయిస్తోందట. సినిమా తారలు వద్దనుకున్నారట. జనం ఇప్పుడు తారలను నమ్మడం లేదట, తెలిసిన మనుషులనే నమ్ముతున్నారట. "ఒక కిరాణా దుకాణం అక్క కావాలి సార్. నిజమైన అక్క. నటించని మనిషి" అంది. మేనేజర్ నా వైపు చూశాడు. నేను మా అక్క గురించి చెప్పాను. కొసరు గురించి చెప్పాను. ఆ అమ్మాయి కళ్లు మెరిశాయి. "దీన్నే ఒక లైనుగా చెప్తే ఎలా ఉంటుంది సార్?" అని అడిగింది. నాకు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. తెల్లకాగితం మీద రాసి ఇచ్చాను. "తూకం అయినంక గూడ అక్క చెయ్యి ఆగదు."

అది బావ మాట అని ఆమెతో చెప్పలేదు. చెప్పాలని నాకు తోచనే లేదు.

ఫొటోలు తీసే రోజు నేనూ సుల్తానాబాద్ పోయాను. తెల్లారేసరికి వ్యాను వచ్చింది. వేరే కంపెనీల సరుకులన్నీ దింపి వెనక గదిలో కుప్ప పోశారు. ఆ అరల నిండా ఈ కంపెనీ సబ్బు పెట్టెలు పేర్చారు. అవి ఖాళీవి. అక్క గుమ్మంలో నిలబడి ఆందోళనగా చూస్తోంది.

"గా ఛాయ్‌పత్త డబ్బ జర మెల్లగ పెట్టుండ్రి, మూత ఊకె ఊడిపోతది" అంటోంది.

హైదరాబాద్ అమ్మాయి దగ్గరికొచ్చి నవ్వుతూ అంది. "మేడమ్, మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. ఏమీ మార్చొద్దు. ఒక్క చీర మాత్రం ఇది కట్టుకుంటారా?"

"రోజు ఉన్నట్టే ఉండుమంటవ్, మల్ల చీర మార్చుమంటవ్. రెండిట్ల ఏది జెయ్యాలె బిడ్డా?"

అందరూ నవ్వారు. అక్క చీర మార్చుకుంది. ఎదురుగా కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. అది నడిపే భాయ్ బావకు స్నేహితుడు, అక్కను చెల్లెలిగానే చూస్తాడు. పని మానేసి స్టూలు మీద కూర్చున్నాడు.

"బెహెన్, నీది అయినంక నాది గూడ ఒకటి తియ్యుమను. ఆ దీపాల ముంగట జర నేను గూడ తెల్లగైత" అన్నాడు.

"నువ్వు తెల్లగైతె మీ ఇంట్ల ఆమె గుర్తువట్టది భాయ్, అన్నం పెట్టది."

కొసరు ఫొటో కోసం ఒక చిన్న పాపను కూడా వెంట తెచ్చుకున్నారు. అక్క బెల్లంముక్క ఇస్తుంటే పాప చెయ్యి చాపి నవ్వాలి. తినకూడదు. పదే పదే తీశారు. బెల్లం పాప చేతిలో కరిగి జారుతోంది. చివరికి అక్క కెమెరా వాళ్ల మీద కోప్పడింది. "తిననియ్యుండ్రి పొల్లను. ఎంతసేపు చూపిచ్చుకుంట నిలవెడతరు?" ఆ కోపంలో తీసిన ఫొటోనే చివరకు వాళ్లకు నచ్చింది. ప్రేమ కనబడుతోంది అన్నారు.

వెళ్లేముందు ఇవ్వాల్సిన మొత్తం గురించి మాట ఎత్తారు. అక్క నన్ను పక్కకు పిలిచింది. "ఇంటికొచ్చినోళ్ల దగ్గర పైసలు తీస్కుంటర్రా? ఛాయ్ తాగి ఫొటో దిగినం, గంతే. బోర్డు పాతగైంది, ఇయ్యబుద్ధయితే కొత్తది ఏయించి ఇయ్యుమను. మీ బావ పేరు మంచిగ కనవడాలె." నేను అదే మాట చెప్పాను. వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. ఆ ఫొటో ఎక్కడెక్కడ పెడతారు, దాని కింద ఏం రాస్తారు అని నేను అడగలేదు. జీవితమంతా కనబడ్డ ప్రతి మనిషినీ ప్రశ్నలు అడిగి బతికినవాణ్ని. ఆ రోజు ఒక్కటీ అడగలేదు.

బోర్డు వచ్చింది. రాత్రిపూట వెలిగే బోర్డు. దాని నిండా సబ్బు పేరు. అడుగున, కుడి మూల, బావ పేరు. రోడ్డు మీద నిలబడి చూస్తే కళ్లు చిట్లించాల్సి వచ్చింది. నేను ఏదో అనబోయాను.

"పేరు ఉన్నది గద తియ్" అంది అక్క. "చదివెటోళ్లు దగ్గరికొచ్చి చదువుతరు."

తర్వాత కొద్దిరోజులకు ఫొటో బయటికొచ్చింది. కరీంనగర్ బస్టాండు ఎదురుగా పెద్ద హోర్డింగు. అక్కను బస్సెక్కించి తీసుకొచ్చి చూపించాను. తల పైకెత్తి చాలాసేపు చూసింది. వెంట్రుకల్లో తెలుపు సగం పోయింది. ముఖంలో ముడతలు కొన్నే మిగిలాయి. ఆమె పెట్టుకునే చిన్న నల్ల స్టిక్కరు ఉన్నచోట, రూపాయి బిళ్లంత ఎర్రటి కుంకుమబొట్టు ఉంది. దాన్ని కంప్యూటర్‌లో పెట్టారు. ఆమె ఏమంటుందోనని పక్కకు తిరిగి చూశాను.

"ఫొటోల మీ బావ బతికొచ్చిండురా" అని నవ్వింది. తర్వాత కింద పెద్ద అక్షరాలతో ఉన్న లైను కూడబలుక్కుని చదివింది. నవ్వు ఆగిపోయింది. "గది మీ బావ మాట గద?"

"ఔనక్కా."

"పాపం, ఆయన తిట్టిండు దాన్ని. గీళ్లు పొగడ్త అనుకుంటుండ్రు."

తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

సుల్తానాబాద్‌లో పెద్దపల్లి రోడ్డు మీద, ఊరి చివర, అప్పటికి కొన్ని నెలల ముందే ఒక మార్ట్ తెరిచారు. చల్లటి గాలి, తోపుడు బండ్లు, గాజు తలుపులు. అది తెరిచిన కొత్తలో అక్క దుకాణానికి వచ్చేవాళ్లు కొంత తగ్గారు. నెల సరుకు అక్కడ కొని, ఉప్పూ అగ్గిపెట్టే ఇక్కడ కొనేవాళ్లు. అక్క దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కొత్తది గదా, మోజు తీరినంక వస్తరు అనేది. ప్రకటన వచ్చాక మళ్లీ జనం పెరుగుతారని నేను అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అక్కకు ఏదో మేలు చేస్తున్నానని కూడా అనుకున్నాను.

ఒక ఆదివారం పోయేసరికి అక్క గల్లా దగ్గర నీరసంగా కూర్చుని ఉంది. నేను చెప్పులు విప్పేలోపే వీధి చివరి ఇంటి కోడలు వచ్చింది. మూడు సబ్బులు అడిగింది. అక్క మూడు ఇచ్చి, అడగకముందే నాలుగోది తీసి పైన పెట్టింది. ఆమె తీసుకుని వెళ్లిపోయింది.

"నాలుగోదానికి పైసలు తీస్కోలేదేందక్కా?" అన్నాను.

అక్క నా ముఖం చూసింది. "నీకు తెల్వదా? మూడు సబ్బుల మీద అక్క కొసరు, ఒక సబ్బు ముఫత్ అని నా బొమ్మ కింద రాసిండ్రట. గా మార్ట్ తలుపుకాడ నిలవెట్టిండ్రట నన్ను, మనిషంత అట్టబొమ్మ చేసి. అందరు చూసొచ్చి నన్నడుగుతుండ్రు. ఏదత్తా, నీ కొసరేది అని."

"మరి మనకు ఆ స్కీము లేదా?"

"సరుకేసే పిలగాన్ని అడిగిన. గది మార్ట్‌లకే అమ్మా, చిన్న దుకాణాలకు రాదన్నడు."

"రాదని చెప్పొచ్చు కదా అక్కా. నీ చేతిలోంచి ఎందుకిస్తున్నవ్?"

అక్క తక్కెడ పళ్లెం తుడుస్తూ మాట్లాడింది. "మాట నాది గాకపోవచ్చు. మొఖం నాదే గదరా. నా మొఖం ఇస్తనంటది, నేను ఇయ్యనంటే ఎట్లుంటది? నిన్న గా చివరింటామె, ఫొటోల ఒక తీరు, దుకాణంల ఒక తీరా అని మొఖం మీదనే అడిగింది. నలుగురి ముంగట."

ఎదురు దుకాణం భాయ్ అక్కడి నుంచే అందుకున్నాడు. "నేను చెప్తనే ఉన్న. బెహెన్, గిట్ల పంచితే నువ్వు గూడ నా లెక్క పాత మిషన్లు రిపేరు జేసుకోవాలె అని. ఇంటదా? ఏమన్నంటే, పరేషాన్ గాకు భాయ్ అంటది."

ఆ సాయంత్రం హైదరాబాద్ అమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె మర్యాదగానే మాట్లాడింది. అందుకే కోప్పడటానికి నాకు దారి దొరకలేదు.

"సార్, కస్టమర్ ఇప్పుడు మార్ట్‌లో కొంటున్నాడు. కానీ నమ్మకం ఇంకా కిరాణా అక్క మీదే ఉంది. సర్వేల్లో అదే వచ్చింది. అందుకే అక్కను కస్టమర్ ఉన్న చోటికి తీసుకెళ్లాం. క్యాంపెయిన్ చాలా బాగా పనిచేస్తోంది సార్. మీ లైను అందరికీ నచ్చింది."

"మా అక్క దుకాణంలో కూడా ఆ స్కీము ఇవ్వొచ్చు కదమ్మా?"

"అది సేల్స్ వాళ్ల చేతిలో ఉంటుంది సార్. నేను అడిగి చూస్తాను." ఫోన్ పెట్టేసే ముందు అంది. "అక్కగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ రోజు ఛాయ్ చాలా బాగుంది."

నేను చేయగలిగింది ఒకటుంది. వార్త రాయొచ్చు. చిన్న దుకాణదారుల మంచి పేరును వాడుకుని వాళ్ల గిరాకీనే ఎలా లాక్కుంటున్నారో, పేర్లు లేకుండా అయినా సరే, రాయొచ్చు. రాయడం మొదలుపెట్టాను కూడా. సగంలో మేనేజర్ కుర్చీ జరుపుకుంటూ వచ్చాడు. పండుగకు మొదటి పేజీ మొత్తం అక్క ప్రకటనే వస్తోందని చెప్పడానికి సంబరంగా వచ్చాడు. "మీ అక్క ఫొటో ఫస్టు పేజీల అన్నా! స్వీటు తినిపియ్యాలె." నా కంప్యూటర్ తెర మీద ఏముందో ఆయన చూడలేదు. ఆయన వెళ్లాక నేనే చూసుకున్నాను. తర్వాత తుడిచేశాను. ఎవరూ అడ్డుపెట్టలేదు. అడ్డుపెట్టి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది.

మరుసటి ఆదివారం అక్క నాకోసం తయారై కూర్చుని ఉంది. చేతిలో రెండు గుడ్డ సంచులు.

"పోదాం పా తమ్మీ."

"ఎక్కడికి?"

"మార్ట్‌కు. గా నాలుగు సబ్బుల కట్ట ఆడ దొరుకుతది గద. నాకు సరుకేసే పిలగాడు ఇచ్చే ధర కన్న గదే అగ్గువట. ఆడ కొని ఈడ అమ్ముత. ఎవలన్న అడిగితె కొసరు ఇచ్చినట్టయితది, నాకు గూడ నష్టం లేదు. చిన్న దుకాణపోళ్లందరు గట్లనే చేస్తుండ్రట. కని మనిషికి ఇన్నే అని లెక్క పెట్టిండ్రట. అందుకే నువ్వు గావాలె."

దుకాణం చూసుకుంటానని భాయ్ వచ్చి గల్లా దగ్గర కూర్చున్నాడు. "ఎవలన్న కొసరడిగితే సూదులిస్త బెహెన్, ఫికర్ జెయ్యకు" అన్నాడు. అక్క నవ్వుకుంటూ బయలుదేరింది. నాకు నవ్వు రాలేదు.

మార్ట్ గాజు తలుపు పక్కన అక్క నిలబడి ఉంది. అసలు అక్క కన్నా ఒక జానెడు పొడుగు. కుంకుమబొట్టు. చేతిలో బెల్లంముక్కకు బదులు సబ్బు. లోపలికి వచ్చేవాళ్లలో ఒకామె ఆ బొమ్మ పక్కన నిలబడి ఫోన్‌లో ఫొటో తీసుకుంటోంది. అక్క ఆమె పక్క నుంచి నడిచి లోపలికి పోయింది. తలుపు దగ్గరి గార్డు అక్క చేతిలోని సంచులు అడిగి తీసుకుని, తిరిగి వచ్చేటప్పుడు తీసుకొమ్మని టోకెన్ ఇచ్చాడు. బొమ్మకేసీ ఆమెకేసీ ఒకేసారి చూశాడు. గుర్తుపట్టలేదు. ఎవరూ గుర్తుపట్టలేదు. ఇంత చిన్న ఊళ్లో అంతమంది మధ్య, తన ముఖం తలుపు దగ్గర పెట్టుకుని, ఆమె ఎవరికీ కనబడకుండా నడిచింది.

సబ్బుల అర దగ్గర ఆమె నా బండిలో కొన్ని కట్టలు, తన బండిలో కొన్ని పెట్టింది. పెట్టేటప్పుడు కట్ట మీద అచ్చేసిన తన ముఖాన్ని చూడకుండా పెట్టింది. "నువ్వు జర దూరం నుంచి రా. నాతోని మాట్లాడకు" అని చెప్పి ముందుకు పోయింది.

బిల్లు కట్టే చోట వరుస పొడుగ్గా ఉంది. ఆమెకు నాకు మధ్య ఇంకెవరూ లేరు, నేను సరిగ్గా ఆమె వెనకే ఉండిపోయాను. అక్క బిల్లు అయింది. కౌంటర్ అమ్మాయి నా బండి చూసింది, అక్క బండి చూసింది.

"ఇద్దరు ఒక్కటేనా సార్? ఒక్క ఇంటికి గిన్నే ఇయ్యాలె. దుకాణపోళ్లొచ్చి మొత్తం ఎత్తుకపోతుండ్రని మా మేనేజర్ లొల్లి వెడుతుండు."

అక్క సబ్బు కట్టలు సర్దుకుంటూ అక్కడే ఉంది. వెనక్కి తిరగలేదు.

"గా అమ్మ మీకు ఏమైతది సార్?"

"ఏం కాదు" అన్నాను. "నాకు తెలియదు."

ఆ అమ్మాయి నమ్మింది. నా చొక్కా, కళ్లద్దాలు, జేబులో పెన్ను చూసి నమ్మి ఉంటుంది. దుకాణం మనిషిలా కనబడను. టకటక కొట్టి బిల్లు ఇచ్చింది. ఆమె తల మీదుగా, పైకప్పు నుంచి వేలాడుతున్న అట్టముక్క మీద, అక్క చెయ్యి చాపి నవ్వుతోంది. కింద నేను రాసిన లైను ఉంది.

బయట రోడ్డు మీదికి వచ్చాక అక్క నా కోసం ఆగింది. సంచులు సరిచేసుకుంటూ అంది.

"మంచిగ చెప్పినవ్‌రా. నేను భయపడ్డ, నీకు నోరు రాదేమో అని. జర గూడ తడబడలే."

మెచ్చుకోలుగానే అంది. ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. ఆటో కోసం చూస్తూ ఆమె ఒక సంచి నా చేతికిచ్చింది. దాన్ని మోస్తూ, ఇంతసేపూ ఎవరో తెలియని మనిషి సంచి ఇప్పుడు ఎందుకు మోస్తున్నానని ఎవరైనా చూసి అడుగుతారేమోనని, రోడ్డుకు ఆ వైపు నడిచాను.

దుకాణంలో అక్క ఆ కట్టలను అరలో పేర్చింది. తన ముఖం ఉన్న వైపు గోడకు తిప్పి పేర్చింది. సాయంత్రానికి ఇద్దరు ముగ్గురు వచ్చి కొన్నారు. ఇచ్చేటప్పుడు "నాలుగు తీస్కపో, మూడింటికే ఇయ్యి" అంది ప్రతి ఒక్కరితో. వాళ్లు సంతోషంగా పోయారు. చివరింటి కోడలు కూడా వచ్చింది. "గిప్పుడు మంచిగున్నదత్తా" అంది. అక్క ఆమె సంచిలో, సబ్బులతో పాటు, చిటికెడు పుట్నాలు కూడా వేసింది. అది ఏ కంపెనీ స్కీములోనూ లేదు. ఆమె చెయ్యి ఆగదు.

నేను కరీంనగర్ బస్సుకు లేచాను. గడప దాకా వచ్చింది.

"మల్ల ఐతారం వస్తవా తమ్మీ? పండుగ దాక గా స్కీము ఉంటదట. దుకాణం గీ నెల జర నిలవడితే చాలు, తర్వాత ఎట్లనో అట్ల నడుస్తది."

"వస్తనక్కా."

"వేరే చొక్కా ఏసుకొని రా. గుర్తువడ్తరు."

పండుగ రోజు పత్రిక మొదటి పేజీ మా ఇంటి గుమ్మంలో పడింది. పేజీ అంతా అక్కే. తీసి, నాలుగు మడతలు పెట్టి, మా అవ్వ బొగ్గుపొడి డబ్బాను ఒకప్పుడు నెట్టినట్టే గూట్లో వెనక్కి నెట్టాను. నా ఇంట్లో వాళ్లెవరూ చూడలేదు.

దానికి ముందు ఆదివారం మాత్రం నేను చెప్పిన మాట ప్రకారం పోయాను. గళ్ల చొక్కా వేసుకుని, కళ్లద్దాలు జేబులో పెట్టుకుని పోయాను. మళ్లీ వరుసలో అక్క ముందు, నేను వెనక. అదే కౌంటర్ అమ్మాయి. నా బండిలో సబ్బులు చూసి తల ఎత్తింది. ఏదో అడగబోతున్నట్టు నోరు తెరిచింది. ఆమె అడగకముందే నేను అక్క వైపు చెయ్యి చూపి చెప్పాను.

"ఆమె నాకు ఏమీ కాదమ్మా."